మా మరిది వేసిన దొంగ కూత

మా మరిది వచ్చే నెలలో రిటైరవుతున్నాడట. 'అట' అని ఎందుకన్నానంటే, ఆ సంగతి నాకు అతను చెప్పలేదు. పరిశోధనశాల నుంచి ఒక అమ్మాయి వచ్చి చెప్పింది. వీడ్కోలు సభకి సంచిక వేస్తున్నారట. "ఇంట్లో ఆయన ఎలా ఉంటారో మీరే నాలుగు ముక్కలు రాసివ్వాలి ఆంటీ" అంది. "ఏం రాసినా వేస్తారా?" అన్నాను. "మీ మనసులో ఉన్నది రాయండి, చాలు" అంది. పాపం, కొత్తగా చేరినట్టుంది. నా మనసులో ఏముందో తెలిసిన పాతవాళ్లెవరూ ఆ మాట అనరు. మా వీధి మలుపు దాకా వచ్చినా తల వంచుకుని అటునుంచి అటే పోతారు.

సరే, అడిగింది కాబట్టి రాస్తున్నాను. వేసుకుంటే వేసుకుంటారు, లేకపోతే లేదు.

మరిది అంటే మా ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు. రేడియో ఫ్రీక్వెన్సీ ఇంజినీరు. నేను పెళ్లయి ఈ ఇంటికి వచ్చేనాటికి ఇంకా చదువుకుంటున్నాడు. మేడ మీది గది అతనిది, అప్పుడూ ఇప్పుడూ. మనిషికి పెద్ద చెవులు, చిన్న నోరు. పరిశోధనశాలలో అందరూ చాటుగా 'చెవులాయన' అంటారు. అది రూపాన్ని చూసి పెట్టిన పేరు కాదని, అతను చేసే రిసీవర్లు ఎంత సన్నటి సంకేతాన్నైనా పట్టేస్తాయి కాబట్టి అలా అంటున్నామని నాకు సర్దిచెప్పారు. నేనేం గుడ్డిదాన్నా? రెండూ నిజమే. టీలో చక్కెర సరిపోయిందా అని అడిగితే సగం గ్లాసు తాగి, కాసేపు గోడకేసి చూసి, "సరిపోయిందనే అనుకుంటున్నాను వదినా, ఖాయంగా మాత్రం చెప్పలేను" అనేవాడు. చక్కెర గురించి! నేను పగలబడి నవ్వేదాన్ని.

కేబుళ్లు ఒకదానితో ఒకటి కలిపే చోట బిగించడానికి అతని దగ్గర ఒక రెంచి ఉంది. సరిగ్గా కావలసినంత బిగియగానే అది టక్కుమంటుంది. ఆ టక్కు వినబడ్డాక ఇంకొక్క వెంట్రుకవాసి తిప్పడు. వంటింట్లో నా కుక్కరు పిడి వదులైతే ఆ రెంచే పట్టుకొచ్చాడు. "దీనికంత సంబరం ఎందుకయ్యా, చేత్తో తిప్పెయ్" అంటే, "చేతికి అబద్ధాలు అలవాటు వదినా" అన్నాడు. పెళ్లి ఊసెత్తితే, "రోజంతా గుసగుసలు వినే పని నాది. ఇంటికొచ్చి అరుపులు వినలేను" అనేవాడు. "అంటే నేను అరుస్తున్నాననా?" అంటే చెవులు ఎర్రబడేవి. అప్పట్లో మేం అలా వేళాకోళాలాడుకునేవాళ్లం. అప్పట్లో నాకు అతనంటే కన్నకొడుకంత ప్రేమ. ఆ మాట రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

మా ఆయనది కాగితం పని. సిద్ధాంత భౌతికశాస్త్రం. కాగితం, పెన్సిలు, కిటికీ ఉంటే ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు, పెళ్లాం కూడా. నాకు అర్థమైనంత చెబుతాను, తప్పుంటే ఆ అమ్మాయి దిద్దుకుంటుంది. ఈ విశ్వంలో కంటికి కనబడే సరుకు కొంచెమేనట, కనబడనిదే ఎక్కువట. దాన్ని కృష్ణ పదార్థం అంటారు. అదేమిటో ఎవరికీ తెలీదు. అది చాలా తేలికైన ఒక కణం అయి ఉండాలని, దాని బరువు ఇంత మొదలు ఇంత లోపల ఉండాలని మా ఆయన కుర్రతనంలోనే లెక్క కట్టారు. ఆ కణం బలమైన అయస్కాంతంలోంచి పోయేటప్పుడు ఎప్పుడైనా ఒకసారి రేడియో తరంగంగా మారుతుందట. కణం బరువెంతో దాన్నిబట్టే ఆ తరంగం ఫ్రీక్వెన్సీ ఉంటుంది. అంటే రేడియో ముల్లు తిప్పుతూ స్టేషను వెతకడమే. కాకపోతే ఆ స్టేషను ఎక్కడుందో తెలీదు, ఉందో లేదో తెలీదు, ఉన్నా చీమ తుమ్మినంత మెల్లగా మాట్లాడుతుంది.

ఆ లెక్క అచ్చయినప్పుడు పెద్దలు నవ్వారు. మొహం మీద నవ్వినవాళ్లు నయం. కొందరు మర్యాదగా భుజం తట్టి, పై పదవులు వచ్చినప్పుడల్లా ఆయన్ని దాటేసి ఇంకొకరికి ఇచ్చారు. తోటివాళ్లంతా పెద్ద పెద్ద గదుల్లోకి మారిపోయారు. మా ఆయన మాత్రం మెట్ల కింది గదిలో కూర్చుని, కొత్తగా చేరిన పిల్లలకి మొదటి ఏడాది పాఠాలు చెబుతూ తల నెరిపించుకున్నారు. ఇంట్లో ఆ మాట ఎత్తేవారు కారు. కానీ ఎవరైనా "మీ కణం ఎందాకా వచ్చింది?" అని నవ్వుతూ అడిగిన రోజు భోజనం సగంలో వదిలి లేచిపోయేవారు. ఆ సగం పళ్లాలు తీసిన దాన్ని కాబట్టి ఎవరు ఎప్పుడు అడిగారో నాకు తెలిసేది.

తమ్ముడు అప్పటికి ఫోన్ల కంపెనీలో టవర్ల పని చూస్తున్నాడు. మంచి ఉద్యోగం. ఒకరోజు వచ్చి, మానేశానన్నాడు. "అన్నయ్య చెప్పింది ఉందో లేదో నేను విని చెబుతాను వదినా" అన్నాడు. ఉందని నిరూపిస్తాను అనలేదు. ఉందో లేదో అన్నాడు. అన్నదమ్ముల ప్రేమ చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నానే గానీ ఆ తేడా నాకప్పుడు పట్టలేదు.

పరిశోధనశాల కింది అంతస్తులో గది. కిటికీల్లేవు. నాలుగు గోడలకీ, పైకప్పుకీ రాగి రేకు. మధ్యలో మనిషంత ఎత్తు అయస్కాంతం, దాని కడుపులో ఎముకలు కొరికే చలిలో ఒక రాగి పీపా. ఆ పీపాలో పుట్టే గుసగుసని పెంచి వినిపించే రిసీవరంతా మా మరిది చేతిపని. ఫోను తీసుకెళ్లకూడదు, చేతి గడియారం కూడా బయటే పెట్టాలి. ముల్లు ఒక చివర నుంచి బయల్దేరింది. ఒక్కొక్క చోట ఆగి, వారాల తరబడి విని, ఏమీ లేదనుకుని, వెంట్రుకంత ముందుకు జరగడం. అలా ఏళ్లు గడిచిపోయాయి. "మీవాళ్లిద్దరూ ఏం చేస్తుంటారండీ?" అని పక్కింటావిడ అడిగితే "వెతుకుతుంటారు" అన్నాను. "అయ్యో, ఏం పోయింది?" అంది. "అది దొరికాక చెబుతారట" అన్నాను.

ఒకసారి దొరికిందనుకున్నారు. మా వాళ్లు ఆ సంకేతాన్ని 'కూత' అంటారు. కూత వినబడింది, మాయమైంది, మళ్లీ వినబడింది. పరిశోధనశాలంతా పండగ చేసుకుంది. మా మరిది మాత్రం చేతికర్రలాంటి యాంటెన్నా ఒకటి పట్టుకుని గదిగదికీ వాసన చూస్తున్నట్టు తిరిగాడు. అది అతని అలవాటు. ఎంత చిన్న కూత వినబడినా ముందు ఆ కర్ర పట్టుకుని బయల్దేరతాడు. మెట్ల కింద, పైపుల వెనక, కాపలావాడి గదిలో, ఎక్కడెక్కడో దూరతాడు. ఆ రోజు చివరికి క్యాంటీనులో మైక్రోవేవ్ ఓవెన్ దగ్గర ఆగాడు. దాని తలుపు సరిగ్గా మూతపడటం లేదు. విశ్వరహస్యమనుకున్నది కాస్తా ఎవరో భోజనం డబ్బా వేడిచేసుకోవడమని తేలింది.

మా ఆయన సిగ్గుతో చచ్చిపోయారు. "మనం వినాలనుకున్నదే వింటున్నాం. రేపు మన మాట ఎవరు నమ్ముతారు?" అని సమావేశంలో పట్టుబట్టి ఒక నియమం పెట్టించారు. ఇలాంటి పద్ధతి వేరే చోట్ల కూడా ఉందట. డైరెక్టరు రహస్యంగా ఒక మనిషిని ఎంచుకుంటాడు. ఆ మనిషి ఎప్పుడో ఒకప్పుడు రిసీవర్లోకి ఒక దొంగ కూత వేస్తాడు, అచ్చం నిజమైనదానిలాగే. మిగతావాళ్లు అది పట్టుకుంటారా, పట్టుకుని లెక్కలన్నీ సరిగ్గా చేస్తారా అని పరీక్ష. వేసినవాడు చచ్చినా చెప్పకూడదు. మిగతావాళ్లు చచ్చినా అడక్కూడదు. అన్ని లెక్కలూ అయ్యాక సమావేశంలో డైరెక్టరు ఒకే ఒక్కసారి అడుగుతాడు, "ఎవరైనా నిలబడాలా?" అని. వేసినవాడుంటే లేచి నిలబడాలి. ఎవరూ నిలబడకపోతే కూత నిజం.

ఆ ముల్లు మా ఆయన చెప్పిన మేరంతా తిరిగి తిరిగి చివరి ముక్కకి వచ్చింది. అందులో కూడా ఏమీ లేకపోతే ఆయన బతుకంతా తప్పు లెక్కే. అదే రోజుల్లో ఆయనకి ఆయాసం మొదలైంది. డాక్టరు చూసి, గుండెలో ఒక కవాటం పాడైపోయింది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి అన్నాడు. రోజు కూడా ఖాయం చేశాడు. సంచీ సర్దాను. ఆ సంచీ గుమ్మం దగ్గర ఉండగానే పరిశోధనశాల నుంచి ఫోను వచ్చింది. చివరి ముక్కలో కూత వినబడింది.

నా కాపురంలో ఆయన్ని అంత ఆనందంగా ఎప్పుడూ చూడలేదు. అద్దం ముందు నిలబడి తల దువ్వుకున్నారు. ఇస్త్రీ చొక్కా అడిగి వేసుకున్నారు. నా పక్కన కూర్చుని, ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. "ముందు ఆసుపత్రికి పదండి" అన్నాను. "పిచ్చిదానా, ఇప్పుడా? లెక్కలన్నీ అయి సమావేశం పెట్టేదాకా నేను కదిలేది లేదు" అన్నారు. డాక్టరు బతిమాలాడు. "ఒక్కొక్క వారం గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతుందండీ, ఆపరేషన్ చేసినా లాభం లేని స్థితి వస్తుంది" అన్నాడు. ఈయన చిన్నపిల్లాణ్ణి సముదాయించినట్టు డాక్టర్ని సముదాయించి ఇంటికొచ్చేశారు. మూడు మెట్లెక్కి ఆగుతున్నారు, గోడ పట్టుకుని నవ్వుతున్నారు.

అయస్కాంతం ఆపితే నిజమైన కూత ఆగిపోవాలి. అది అసలు పరీక్ష. ఆపి చూశారు. ఆగిపోయింది. మళ్లీ పెట్టారు. మళ్లీ వచ్చింది. ఆ సాయంత్రం మా ఆయన భోజనం దగ్గర ఆ సంగతి చెబుతూ ఊపిరాడక మధ్యలో ఆగిపోయారు. ఎదురుగా మరిది పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాడు. "ఇంకో మాట చెప్పనా?" అన్నారు ఈయన నాతో, తమ్ముడు చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాక. "ఈసారి వాడు కర్ర పట్టుకుని తిరగలేదు తెలుసా? వాడికి కూడా నమ్మకం కుదిరింది. నా తమ్ముడికే నమ్మకం కుదిరిందంటే ఇంకేం కావాలి!"

నా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. చక్కెర సరిపోయిందో లేదో ఖాయంగా చెప్పలేని మనిషి! అలాంటివాడు ఇంత పెద్ద కూత వినబడితే వెతక్కుండా ఊరుకున్నాడా? వెతకలేదంటే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికి తెలుసన్నమాట. నేను చదువుకున్న చదువు ఎంతో నాకు తెలుసు. కానీ ఆ మనిషికి ఇన్నేళ్లు వండిపెట్టాను.

మర్నాడు మా ఆయన వెళ్లాక మేడెక్కాను. మరిది బల్ల ముందు కూర్చుని, పాత కనెక్టర్లు స్పిరిట్‌తో తుడుస్తున్నాడు.

"ఏమయ్యా, ఈసారి నీ కర్ర తియ్యలేదట?"

అతను తుడవడం ఆపలేదు.

"అది నీ పనేనా?"

"అడగొద్దు వదినా. అడక్కూడదు."

"నేను మీ పరిశోధనశాలలో ఉద్యోగం చెయ్యడం లేదు. మీ నియమాలు నాకు పట్టవు. నీదేనా, కాదా?"

"వేసినా, వెయ్యకపోయినా ఇదే జవాబు చెప్పాలి వదినా."

"నువ్వు చెప్పక్కర్లేదులే, నీ చెవులు చెబుతున్నాయి" అన్నాను. నిజంగానే కమిలిపోయినంత ఎర్రగా ఉన్నాయి. "మీ అన్నయ్య దీన్ని పట్టుకుని ఆపరేషన్ వాయిదా వేశారు. తెలుసా?"

"తెలుసు."

"తెలిసే ఊరుకున్నావా? ఒక్క మాట. ఆయన చెవిలో ఒక్క మాట చెప్పు. నాలుగు రోజులు ఏడుస్తారు, ఆసుపత్రికి వెళతారు, బతుకుతారు."

అప్పుడు తలెత్తాడు. "చెబితే అన్నయ్య సమావేశంలో తెలియనట్టు కూర్చోలేడు వదినా. ఆయనకి దాచడం చేతకాదు. తమ్ముడు అన్నకి చెప్పాడని అందరికీ తెలిసిపోతుంది. ఇక ముందు ఏ కూత వినబడినా, ఎవడో ఎవడికో చెప్పే ఉంటాడంటారు. రేపు అన్నయ్య కణం నిజంగా దొరికినా ఒక్కడు నమ్మడు."

"దొరికే రోజుకి మీ అన్నయ్య ఉండొద్దూ!" అని అరిచాను. అవును, అరిచాను. గుసగుసలు వినే ఆ చెవులు బద్దలైపోవాలని అరిచాను.

అతను తుడుస్తున్న కనెక్టరు పక్కన పెట్టాడు. డైరెక్టరు దగ్గరికి వెళ్లానని, సమావేశం ముందుకు జరపమని కాళ్లావేళ్లా పడ్డానని అన్నాడు. డైరెక్టరు సరే అన్నాడట. ఒప్పుకోనిది మా ఆయనే. తొందరపడి చెడగొట్టొద్దు, ప్రతి లెక్కా ఇద్దరు వేర్వేరుగా చేసి సరిచూడాల్సిందే అని కూర్చున్నారట. "పోనీ, ఆపరేషన్‌కి వెళ్లమని చెప్పు. నీ మాటైతే వింటారు" అన్నాను. ఆ సాయంత్రం నా ఎదుటే చెప్పాడు. "అన్నయ్యా, ముందు ఆసుపత్రి చూసుకో. సమావేశం ఎక్కడికీ పోదు." మా ఆయన తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి నవ్వారు. "ఒరేయ్, జన్మంతా ఎదురుచూసింది మంచం మీద పడుకుని వినమంటావా? నీ పక్కన కూర్చుని వినాలిరా నేను." తమ్ముడు ఇంకేం అనలేదు. ఇంకేమైనా అంటే నియమం చెడుతుంది మరి!

నేనే చెప్పాను చివరికి. "మీ తమ్ముడు కర్ర తియ్యకపోవడం నమ్మకం కుదిరి కాదు, ఒకసారి ఆలోచించండి" అన్నాను. ఆయన మొహం చూస్తూండగానే మారిపోయింది. అంత కోపం ఆయనకుందని నాకు తెలీదు. "లోకమంతా నవ్వింది, సరే. నాకొక మంచి జరిగితే నువ్వు కూడా చూడలేవా?" అన్నారు. "వాణ్ణే అడగండి" అన్నాను. "అడగను. అడిగితే నేను ఆ గదిలో కాలు పెట్టడానికి పనికిరాను" అన్నారు. ఆ పూట భోజనం చెయ్యలేదు. నాతో మాట్లాడలేదు. ఇద్దరూ ఇద్దరే. ఒకడు చెప్పడు, ఒకాయన అడగరు. మధ్యలో నేను మందులు లెక్కపెట్టుకుంటూ, ఆయన ఊపిరి వింటూ తిరిగాను.

సమావేశానికి నేనూ వెళ్లాను. మాత్రలు, నీళ్ల సీసా పట్టుకుని వెనక తలుపు పక్కన కూర్చున్నాను. పొడుగాటి గది, మడత కుర్చీలు, తెల్లటి తెర. మా ఆయన ముందు వరసలో, మరిది రెండో వరస చివర. ఒకరి తర్వాత ఒకరు లేచి లెక్కలు చెప్పారు. అన్నీ కలిశాయి. మా ఆయన చెప్పిన చోట, మా ఆయన చెప్పిన తీరున. అప్పుడు డైరెక్టరు కళ్లజోడు తీసి, "ఎవరైనా నిలబడాలా?" అన్నాడు.

గదిలో ఎవరూ కదల్లేదు. నేను మరిది వీపునే చూస్తున్నాను. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. లేవబోయినట్టు భుజాలు ఒకసారి పైకి లేచాయి, మళ్లీ దిగాయి. ఎంతసేపో నాకు తెలీదు. కుర్చీలోంచి లేవడానికి అంతసేపు పడుతుందా? డైరెక్టరు అతనికేసి చూశాడు. ఇంతలో ఎవరో ఆగలేక చప్పట్లు కొట్టారు. అంతే. గదంతా ఒక్కసారిగా లేచింది. కుర్చీలు దభేల్మని మడతపడ్డాయి, ఎవరో ఈల వేశారు, ఎవరో ఏడ్చారు. మా ఆయన రెండు చేతుల్తో మొహం కప్పుకున్నారు. అప్పుడు లేచాడు మా మరిది. అందరూ నిలబడి ఉండగా నిలబడ్డాడు.

"నేనే" అన్నాడు. పెదాలు కదలడం నాకు కనిపించింది, మాట వినబడలేదు. "నేనే వేశాను" అన్నాడు మళ్లీ. పక్కవాడు అతని చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. మా ఆయన జనాన్ని తోసుకుంటూ చేతులు చాపుకుని తమ్ముడి దగ్గరికి వచ్చారు, గట్టిగా కౌగిలించుకున్నారు. అతను ఆయన చెవి దగ్గర ఏదో అన్నాడు. తమ్ముడి వీపు మీదున్న ఆయన చేతులు రెండూ జారి కిందికి వేలాడాయి.

ఆయన జనం వైపు తిరిగి, చెయ్యెత్తి, ఆయాసపడుతూ అన్నారు. "కూర్చోండి. అందరూ ఒకసారి కూర్చోండి. మా తమ్ముడు నిలబడ్డాడు."

అందరూ కూర్చున్నారు. మరిది ఒక్కడే మిగిలాడు. పరీక్ష అద్భుతంగా నెగ్గామని, ఇంత పకడ్బందీగా ఏ బృందమూ చెయ్యలేదని డైరెక్టరు ఏదో మాట్లాడాడు. అయస్కాంతంతో పాటు ఆగిపోయేలా కూతని అంత నేర్పుగా వేసినందుకు మా మరిదిని మెచ్చుకున్నాడు కూడా. ఎవరో నాలుగు చప్పట్లు కొట్టారు. నాకు ఆ నీళ్ల సీసా తీసి ఎవరి నెత్తినైనా కొట్టాలనిపించింది. తర్వాత ఏడాదికి ఆ చివరి ముక్క కూడా పూర్తిగా విన్నారు. అందులో ఏమీ లేదు.

సమావేశం రోజు ఇంటికొచ్చాక మా ఆయన ఇస్త్రీ చొక్కా విప్పి, మడతపెట్టి కుర్చీ మీద పెట్టారు. "రేపు ఆసుపత్రికి వెళదాం" అన్నారు, అంతే. డాక్టరు పరీక్షలు చేసి, మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఇప్పుడా తీసుకురావడం?" అన్నాడు. అయినా ప్రయత్నిస్తానన్నాడు. మరిది అన్నీ తనే చూశాడు. గది, రక్తం, మందులు, ఎక్కడా ఏ లోటూ రానివ్వలేదు. అన్నయ్య మంచం పక్కన కూర్చుని కాళ్లు ఒత్తాడు. ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడుకోలేదు.

లోపలికి తీసుకెళ్లే ముందు మా ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నారు. "వాణ్ణి ఏమీ అనకు" అన్నారు. "నిజం చెబుతున్నా విను. వాడు ముందే నాకు చెప్పి ఉంటే, జన్మలో వాడి మొహం చూసేవాణ్ణి కాదు." తర్వాత ఆసుపత్రివాళ్లు ఆయన చక్రాల మంచాన్ని లోపలికి తోసుకెళ్లిపోయారు. అదే ఆయన నాతో అన్న ఆఖరి మాట. నా గురించి కాదు, మా కాపురం గురించి కాదు. తమ్ముడి గురించి, ఆ నియమం గురించి.

డాక్టరు బయటికొచ్చి టోపీ తీసిన తీరులోనే నాకు అర్థమైపోయింది. గోడవార బెంచీ మీద కూలబడ్డాను. మరిది నా ముందు నేల మీద కూర్చుని తల బాదుకుంటున్నాడు. "అన్నయ్య నన్ను క్షమించకుండానే వెళ్లిపోయాడు వదినా" అని ఏడుస్తున్నాడు. ఆయన అన్న మాట ఆయన అన్నట్టే, ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాను.

అతని ఏడుపు ఆగింది. తలెత్తాడు. ఆ తడి మొహంలో ఏదో తేలిక కనిపించింది. చెమట పట్టిన మనిషికి గాలి తగిలినట్టు. "అలా అన్నాడా? చెప్పి ఉంటే నా మొహం చూసేవాణ్ణి కాదన్నాడా? అన్నయ్యకి అర్థమైంది వదినా. నేను చేసింది సరైనదేనని..."

"చూడకపోతే మానె!" అన్నాను. "బతికుండి చూడకపోయేవారు కదా!"